పాత బేసిక్‌లో హార్డ్‌వేర్ స్టేటస్ బిట్‌లను ఒక్కొక్కటిగా చదవడం ఎలా: ప్రింటర్ పోర్టుతో సమగ్ర మార్గదర్శి

ప్రింటర్‌లో కాగితం అయిపోయిందా, కేబుల్ ఊడిందా, కాటా ఇండికేటర్ నుంచి బరువు వచ్చిందా లేదా, ఇవన్నీ బేసిక్ ప్రోగ్రాంలోంచి ఎలా తెలుసుకోవాలని విజయనగరంలో పాలిటెక్నిక్ చదివే కుర్రాళ్ల దగ్గర్నుంచి పలాస వైపు పాత కంప్యూటర్‌తోనే వేబ్రిడ్జి నెట్టుకొస్తున్నవాళ్ల దాకా అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో చెబితే సగం కూడా ఎక్కదు. అందుకే అంతా ఒకచోట పెడుతున్నాను.

బిట్ అంటే 0 గానీ 1 గానీ ఉండే ఒక్క అంకె, అలాంటివి ఎనిమిది కలిస్తే బైట్. బిట్ చదివే లైను రాయడానికి నిమిషం చాలు. ఆ బిట్ 0 అయితే ఏంటి, 1 అయితే ఏంటి అన్నది ముందే కాగితం మీద రాసుకోకపోతే మాత్రం రోజంతా దానికే పోతుంది. నా దగ్గరికి తెచ్చిన ప్రోగ్రాముల్లో చాలావాటికి బేసిక్ వల్ల రోగం లేదు, ఈ అర్థం తిరగబడటమే రోగం.

ఉదాహరణలు డాస్ మీద నడిచే జీడబ్ల్యూ-బేసిక్‌కి రాశాను. ఆదేశాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి కానీ మిషన్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి, కోట్స్ లోపల ఉన్న మెసేజీలతో సహా. ఐఎన్‌పీ అంటే పోర్టు నుంచి ఒక బైట్ చదివే ఆ మూడు అక్షరాల ఆదేశమే, అవుట్ అంటే పోర్టుకి పంపేది. ఆండ్, ఎక్సార్, నాట్ కూడా అంతే. హెక్సా అంకెలు ఎక్కడా వాడలేదు, అన్నీ మామూలు అంకెలే.

## 1. కూర్చునే ముందు చూసుకోవాల్సినవి

- డాస్‌లో బూట్ అయ్యే మిషన్ కావాలి. విండోస్ 95, 98 ఉన్నదైతే డాస్ మోడ్‌లోకి తెచ్చుకోండి.
- మదర్‌బోర్డు మీదో, పాత కార్డు మీదో నిజమైన ప్యారలల్ పోర్టు ఉండాలి. యూఎస్‌బీ నుంచి ప్రింటర్‌కి వెళ్లే అడాప్టర్ పనికిరాదు, దానికి మనం చదవగలిగే పోర్టు అడ్రస్సే ఉండదు.
- ఎక్స్‌పీ, విండోస్ 7 లాంటివాటిలో మామూలు ప్రోగ్రాంని పోర్టు నేరుగా ముట్టుకోనివ్వరు. అక్కడ వచ్చిన అంకె చూసి బుర్ర బద్దలు కొట్టుకోకండి.
- 25 పిన్‌ల మేల్ కనెక్టర్ ఒకటి, పుష్ బటన్ ఒకటి, రెండు వైరు ముక్కలు.
- తెల్ల కాగితం, పెన్ను. ఇది తమాషాకి చెప్పడం లేదు.

కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉంటే కనెక్టర్ పిన్‌లు ముందు చూడండి. ఉప్పుగాలికి చిలుమెక్కుతాయి. అప్పుడు బిట్ ఒకసారి 0, ఒకసారి 1 చూపిస్తూ ఆడుకుంటుంది, మీరేమో ప్రోగ్రాంని తిడుతుంటారు.

## 2. ఏ వైరూ లేకుండా ముందు కీబోర్డు మీద సాధన

పీసీ మెమరీలో కీబోర్డు స్థితిని ఉంచే బైట్ ఒకటుంది. మెమరీలో ఏ భాగమో డెఫ్ సెగ్ చెబుతుంది, అక్కడి బైట్‌ని పీక్ చదువుతుంది. దాన్ని చదివితే ఏదీ కాలదు, పేలదు. డాస్‌బాక్స్‌లో కూడా పనిచేస్తుంది కాబట్టి పాత మిషన్ ఇంకా దొరకనివాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి.

10 డెఫ్ సెగ్ = 64
20 ఎస్ = పీక్(23)
30 ఇఫ్ (ఎస్ ఆండ్ 64) <> 0 దెన్ ప్రింట్ "క్యాప్స్ ఆన్" ఎల్స్ ప్రింట్ "క్యాప్స్ ఆఫ్"
40 గోటూ 20

రన్ చేసి క్యాప్స్ లాక్ నొక్కుతూ చూడండి. ఆపాలంటే కంట్రోల్-బ్రేక్. ఇదే బైట్‌లో నమ్ లాక్‌ది 32, స్క్రోల్ లాక్‌ది 16, ఆల్ట్‌ది 8, కంట్రోల్‌ది 4, ఎడమ షిఫ్ట్‌ది 2, కుడి షిఫ్ట్‌ది 1.

బిట్ నంబరుకీ విలువకీ ఉన్న లెక్క ఇక్కడే పట్టేయాలి. కుడి చివర బిట్ 0, దాని విలువ 1. అక్కడి నుంచి ఎడమకి రెట్టింపవుతూ 2, 4, 8, 16, 32, 64, బిట్ 7 దగ్గరికి 128. "బిట్ 5" అంటే ప్రోగ్రాంలో కొట్టాల్సింది 5 కాదు, 32.

ఆండ్ చేసే పని కూడా ఇదే: మీరు అడిగిన బిట్‌ని ఉంచి, మిగతా ఏడింటినీ సున్నా చేస్తుంది. అందుకే ఫలితం 0 కానీ 64 కానీ అవుతుంది. 1 మాత్రం ఎప్పటికీ అవదు. "= 1" అని పోల్చి, పనిచేయడం లేదని రాసేవాళ్లు వారానికొకరైనా ఉంటారు.

## 3. పోర్టు అడ్రస్ కనుక్కోవడం

ప్రింటర్ పోర్టు 888 దగ్గరే ఉంటుందని ఊహించుకుని దిగిపోకండి. మిషన్‌నే అడగండి:

10 డెఫ్ సెగ్ = 64
20 ప్రింట్ పీక్(8) + 256 * పీక్(9)

888 వస్తే మామూలు కేసు. 956 గానీ 632 గానీ రావచ్చు. 0 వస్తే బయాస్‌కి (మిషన్ ఆన్ కాగానే నడిచే లోపలి ప్రోగ్రాంకి) పోర్టు కనబడలేదన్నమాట, సెటప్‌లోకి వెళ్లి డిజేబుల్ అయిందేమో చూడండి. తర్వాత వచ్చిన పీసీఐ కార్డులైతే వేరే ఏదో అడ్రస్‌లో కూర్చుంటాయి, అది కార్డు సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

వచ్చిన అంకెకి 1 కలిపితే స్టేటస్ పోర్టు. ఇక్కడి నుంచి అన్నీ 889 అనే రాస్తాను, మీది వేరైతే మార్చుకోండి.

## 4. బిట్‌ల పటం: కాగితం బయటికి తీయండి

ఇదే అసలు భాగం. చదివి వదిలేయకుండా చేత్తో రాసుకోండి.

- బిట్ 7, విలువ 128, పిన్ 11, బిజీ. పోర్టు హార్డ్‌వేర్ దీన్ని తిరగేసి ఇస్తుంది. 0 చదివితే ప్రింటర్ బిజీ, 1 చదివితే ఖాళీ.
- బిట్ 6, విలువ 64, పిన్ 10, ఆక్. అక్షరం అందిందని ప్రింటర్ చెప్పేది. మామూలుగా 1, అందినప్పుడు క్షణం పాటు 0.
- బిట్ 5, విలువ 32, పిన్ 12, పేపర్ అవుట్. 1 అయితే కాగితం లేదు.
- బిట్ 4, విలువ 16, పిన్ 13, సెలెక్ట్. 1 అయితే ఆన్‌లైన్.
- బిట్ 3, విలువ 8, పిన్ 15, ఎర్రర్. 0 అయితే లోపం ఉంది.
- బిట్ 2, 1, 0: మనకి అక్కర్లేదు. కార్డుని బట్టి ఏదో ఒకటి చూపిస్తాయి, నమ్మకండి.

చూశారుగా, ఐదు బిట్‌లలో కొన్నింటికి 1 అంటే ఉంది, కొన్నింటికి 0 అంటే ఉంది, బిజీ అయితే దారిలోనే తిరగబడి వస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకుందామనుకుంటే అయ్యే పని కాదు.

ఆక్ గురించి ఒక మాట. ఆ పల్స్ కొన్ని మైక్రోసెకన్లే ఉంటుంది, ఇంటర్‌ప్రెటర్ మీద నడిచే బేసిక్ లూప్ దాన్ని పట్టుకోలేదు. వదిలేయండి.

## 5. ప్రింటర్ లేకుండా ఒక బిట్‌ని పరీక్షించడం

మిషన్ ఆఫ్ చేసి, 25 పిన్‌ల కనెక్టర్‌లో పిన్ 12కీ పిన్ 25కీ మధ్య పుష్ బటన్ పెట్టండి. 25 గ్రౌండ్. 18 నుంచి 25 దాకా అన్నీ గ్రౌండే, ఏది సులువైతే అది. కనెక్టర్‌ని పోర్టుకి పెట్టి ఆన్ చేయండి.

10 ఎస్ = ఐఎన్‌పీ(889)
20 ప్రింట్ ఎస్, ఎస్ ఆండ్ 32
30 గోటూ 10

బటన్ వదిలి ఉంటే రెండో అంకె 32, నొక్కితే 0. తిరగబడిందని కంగారు పడకండి. చాలా కార్డుల్లో లోపల లైనుని పైకి లాగి పట్టుకునే రెసిస్టర్ ఉంటుంది, బటన్ దాన్ని కిందికి దించుతుంది, అంతే.

వదిలినప్పుడు అంకె నిలకడగా లేకపోతే మీ కార్డులో ఆ రెసిస్టర్ లేదు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పిన్ 2 నుంచి పిన్ 12కి కలిపి, ప్రోగ్రాం మొదట్లో "అవుట్ 888, 255" ఇవ్వండి. డేటా లైను పైకి వెళ్లి అదే లాగి పట్టుకుంటుంది.

రెండు జాగ్రత్తలు, వీటిలో మాత్రం రాజీ లేదు:

- పిన్ 2 నుంచి 9 దాకా అవుట్‌పుట్‌లు. వాటిని నేరుగా గ్రౌండ్‌కి కలపకండి. గ్రౌండ్ చేయదగ్గవి 10, 11, 12, 13, 15 మాత్రమే.
- 5 వోల్టులు దాటింది ఏదీ దగ్గరికి రానివ్వకండి. బైక్ బ్యాటరీ 12 వోల్టులు తగిలిస్తే పోర్టు పోయినట్టే.

## 6. బైట్‌ని ఒక్కసారే చదివి, శుభ్రం చేసుకోవడం

ప్రతి ఇఫ్‌లోనూ మళ్లీ మళ్లీ ఐఎన్‌పీ పిలవకండి. మొదటి పిలుపుకీ రెండోదానికీ మధ్య ప్రింటర్ స్థితి మారిపోతే ప్రోగ్రాం ఒకే క్షణం గురించి రెండు రకాలుగా ఆలోచిస్తుంది. ఒకసారి చదివి వేరియబుల్‌లో పెట్టుకుని, ప్రశ్నలన్నీ ఆ వేరియబుల్‌నే అడగాలి.

ఇంకో మెట్టు ముందుకు వేస్తే ఆ తిరగబడిన బిట్‌ల గొడవ కూడా ఇక్కడే తీరిపోతుంది:

10 ఎస్ = (ఐఎన్‌పీ(889) ఆండ్ 248) ఎక్సార్ 200

248తో ఆండ్ చేస్తే పనికిరాని కింది మూడు బిట్‌లు పోతాయి. 200 అంటే 128, 64, 8 కలిపితే వచ్చేది, అంటే తిరగబడి ఉన్న మూడు బిట్‌లు. ఎక్సార్ ఆ బిట్‌లలో 0ని 1గా, 1ని 0గా తిప్పి వాటిని నిటారుగా నిలబెడుతుంది. ఇక నుంచి ప్రతి బిట్‌కీ 1 అంటే "అవును": 128 ఉంటే బిజీ, 32 ఉంటే కాగితం లేదు, 16 ఉంటే ఆన్‌లైన్, 8 ఉంటే లోపం.

చేత్తో చేసి చూద్దాం. అన్నీ బాగున్న ప్రింటర్ నుంచి సాధారణంగా 223 వస్తుంది. 223 ఆండ్ 248 చేస్తే 216. 216 ఎక్సార్ 200 చేస్తే 16. ఆన్‌లైన్ బిట్ ఒక్కటే మిగిలింది. అంటే "ఎస్ = 16" అయితే ప్రింటర్ సిద్ధం, ఒక్క పోలికతో తేలిపోయింది.

కేబుల్ ఊడి లైన్లన్నీ పైకి తేలితే 127 వస్తుంది, అది ఈ లెక్కలో 176 అవుతుంది: బిజీ, కాగితం లేదు, ఆన్‌లైన్, కానీ లోపం లేదు. నిజంగా కాగితం అయిపోతే మామూలుగా లోపం బిట్ కూడా వస్తుంది కాబట్టి 176 కనబడితే కాగితం వెతకడం మాని కేబుల్ చూడాలి. ప్రింటర్ స్విచ్ ఆఫ్‌లో ఉండి లైన్లన్నీ కిందికి పడితే 72. ఈ 72లో బిజీ బిట్ లేదన్నది గమనించండి. బిజీ ఒక్కటే చూసే ప్రోగ్రాం, ఆఫ్‌లో ఉన్న ప్రింటర్‌ని ఖాళీగా ఉందనుకుని అక్షరాలు తోసేస్తుంది.

## 7. ఏది ముందు అడగాలి

కాగితం అయిపోతే బిజీ, లోపం కూడా వెంటే వస్తాయి. బిజీని ముందు అడిగారంటే ఆపరేటర్‌కి "ఆగండి" అని మెసేజ్ వస్తుంది, ఆయన కాగితం పెట్టకుండా టీ తాగడానికి వెళ్లిపోతాడు. కాబట్టి ప్రత్యేకమైన కారణం ముందు, మామూలుది చివర.

20 ఇఫ్ ఎస్ = 16 దెన్ ప్రింట్ "సిద్ధం" : ఎండ్
30 ఇఫ్ ఎస్ = 176 దెన్ ప్రింట్ "కేబుల్ చూడండి" : ఎండ్
40 ఇఫ్ (ఎస్ ఆండ్ 32) <> 0 దెన్ ప్రింట్ "కాగితం లేదు" : ఎండ్
50 ఇఫ్ (ఎస్ ఆండ్ 16) = 0 దెన్ ప్రింట్ "ఆఫ్‌లైన్ లేదా స్విచ్ ఆఫ్" : ఎండ్
60 ఇఫ్ (ఎస్ ఆండ్ 8) <> 0 దెన్ ప్రింట్ "ప్రింటర్ లోపం" : ఎండ్
70 ఇఫ్ (ఎస్ ఆండ్ 128) <> 0 దెన్ ప్రింట్ "బిజీ" : ఎండ్

మీ ప్రింటర్‌తో ఒకసారి కాగితం తీసి, ఒకసారి ఆన్‌లైన్ బటన్ నొక్కి, ఒకసారి స్విచ్ ఆపి, ఒకసారి కేబుల్ పీకి, ఎస్ ఎంతొచ్చిందో పటం పక్కన రాసుకోండి. మోడల్‌కీ మోడల్‌కీ తేడాలుంటాయి. మీ బల్ల మీదున్న ప్రింటర్ చెప్పిందే ప్రమాణం, నేను చెప్పింది కాదు.

## 8. బిట్ మారేదాకా ఆగడం

వెయిట్ అనే ఆదేశం ఉంది. "వెయిట్ 889, 128" అంటే ఆ పోర్టులో బిట్ 7 ఒకటయ్యేదాకా అక్కడే ఆగిపోతుంది. 0 అయ్యేదాకా ఆగాలంటే "వెయిట్ 889, 128, 128". చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ నేనైతే వాడొద్దంటాను. ప్రింటర్ చచ్చిపోతే ప్రోగ్రాం కూడా దానితోపాటే నిలబడిపోతుంది. గడువు పెట్టిన లూప్ రాసుకోండి:

100 టీ = టైమర్
110 ఎస్ = (ఐఎన్‌పీ(889) ఆండ్ 248) ఎక్సార్ 200
120 ఇఫ్ (ఎస్ ఆండ్ 128) = 0 దెన్ 200
130 ఇఫ్ టైమర్ < టీ దెన్ టీ = టీ - 86400
140 ఇఫ్ టైమర్ - టీ < 10 దెన్ 110
150 ప్రింట్ "10 సెకన్లు చూశాను, ఇంకా బిజీ" : ఎండ్
200 ప్రింట్ "ఖాళీ అయింది"

130వ లైను ఎందుకంటే టైమర్ అర్ధరాత్రి 12కి సున్నా అవుతుంది. రాత్రంతా లారీలు తూచే కాటా దగ్గర అది లేకపోతే ఏదో ఒక రోజు తగులుకుంటుంది.

## 9. సీరియల్ పోర్టు: కాటావాళ్ల కోసం

ఇక్కడ ఒక కొత్త చిక్కు ఉంది: చదవగానే చెరిగిపోయే బిట్‌లు. మొదటి సీరియల్ పోర్టు లైన్ స్టేటస్ 1021లో ఉంటుంది. విలువ 1 అంటే అక్షరం వచ్చి కూర్చుంది, 2 ఓవర్‌రన్ (చదవకముందే ఇంకో అక్షరం వచ్చి పడింది), 4 ప్యారిటీ లోపం (తనిఖీ బిట్ కుదరలేదు), 8 ఫ్రేమింగ్ లోపం (అక్షరం చివర ఉండాల్సిన చోట లేదు), 32 అంటే పంపడానికి చోటు ఖాళీ. ఆ లోపం బిట్‌లు మూడూ మీరు చదివిన మరుక్షణం 0 అయిపోతాయి. ఒక ఇఫ్‌లో డేటా కోసం, ఇంకో ఇఫ్‌లో లోపం కోసం విడివిడిగా ఐఎన్‌పీ చేస్తే రెండోదానికి లోపం ఎప్పటికీ కనబడదు. 1022లో ఉండే మోడెమ్ స్టేటస్ కింది నాలుగు బిట్‌లూ ఇంతే.

ముందు పోర్టుని 2400 వేగం, 8 బిట్‌లు, ప్యారిటీ లేకుండా పెట్టుకుందాం:

10 అవుట్ 1019, 128 : అవుట్ 1016, 48 : అవుట్ 1017, 0
20 అవుట్ 1019, 3 : అవుట్ 1017, 0
30 ఎల్ = ఐఎన్‌పీ(1021)
40 ఇఫ్ (ఎల్ ఆండ్ 14) <> 0 దెన్ ప్రింట్ "లైన్ లోపం"; (ఎల్ ఆండ్ 14)
50 ఇఫ్ (ఎల్ ఆండ్ 1) = 0 దెన్ 30
60 ప్రింట్ సీహెచ్ఆర్$(ఐఎన్‌పీ(1016));
70 గోటూ 30

48 ఎక్కడిదంటే 115200ని 2400తో భాగించండి. 9600 కావాలంటే 12. ఇండికేటర్ సెట్టింగ్‌లో తక్కువ వేగం పెట్టుకునే వీలుంటే అదే పెట్టండి, బేసిక్ పరుగు అందుకోలేకపోతే 2 విలువ ఉన్న ఓవర్‌రన్ బిట్ మాటిమాటికీ వెలుగుతుంది. 8 వస్తుంటే వేగం సరిపోలడం లేదని ముందుగా అనుమానించండి.

ఈ పద్ధతి వాడేటప్పుడు అదే ప్రోగ్రాంలో "ఓపెన్" ఆదేశంతో కామ్ పోర్టు తెరవకండి. తెరిస్తే వచ్చిన అక్షరాన్ని బేసిక్ తానే ముందు లాగేసుకుంటుంది, మీ లూప్‌కి ఏమీ మిగలదు.

## 10. వేరే మిషన్ల మీద

కమొడోర్ 64లో ఆండ్ ఇలాగే పనిచేస్తుంది, ఎక్సార్ మాత్రం లేదు. రెండో పోర్టులో జాయ్‌స్టిక్ బటన్: (పీక్(56320) ఆండ్ 16) = 0 అయితే నొక్కినట్టు. బీబీసీ మైక్రోలో ఎక్సార్ బదులు ఈఓఆర్ అనాలి.

స్పెక్ట్రమ్, ఆపిల్ 2 మాత్రం వేరు. అక్కడి ఆండ్ బిట్‌లని చూడదు, మొత్తం అంకె సున్నానా కాదా అనే చూస్తుంది. పైన రాసినవి ఎర్రర్ ఏమీ చూపించకుండానే తప్పు జవాబిస్తాయి. అక్కడ భాగహారంతో తీయాలి. బిట్ 5 కావాలంటే:

బి = ఇంట్(ఎస్ / 32) - 2 * ఇంట్(ఎస్ / 64)

223తో చూస్తే 6 లోంచి 6 పోయి 0. బిట్ 4కి 16, 32 పెడితే 13 లోంచి 12 పోయి 1. పవర్ గుర్తు వాడి 2ని హెచ్చించకుండా అంకెలు నేరుగా రాయండి, కొన్ని బేసిక్‌లలో ఆ లెక్క చివర చిన్న పొల్లు మిగిలి ఇంట్ ఒకటి తక్కువ ఇస్తుంది. స్పెక్ట్రమ్‌లో స్పేస్ కీ అయితే "ఇన్ 32766" చదివి బిట్ 0 చూడాలి, 0 అంటే నొక్కినట్టు. ఆపిల్ 2 గేమ్ బటన్‌కి ఇంత శ్రమ కూడా లేదు, పీక్(49249) 127 దాటితే నొక్కినట్టే.

## 11. పనిచేయకపోతే

జవాబు ఎప్పుడూ "అవును" వస్తోంది. బ్రాకెట్లు చూడండి. "ఇఫ్ ఎస్ ఆండ్ 32 = 32" అని రాస్తే బేసిక్ ముందు 32 = 32 తేలుస్తుంది, అది నిజం కాబట్టి -1 అవుతుంది. ఏ అంకెనైనా -1తో ఆండ్ చేస్తే ఆ అంకే మిగులుతుంది. ఎస్ సున్నా కానంతవరకూ అంతా అవునే.

జవాబు ఎప్పుడూ "కాదు" వస్తోంది. అదే జబ్బు, రెండో రూపం. "ఎస్ ఆండ్ 32 = 0"లో 32 = 0 అబద్ధం కాబట్టి 0, దానితో ఆండ్ చేస్తే 0.

నాట్ పెట్టాక రెండు వైపులా ఒకే జవాబు. "ఇఫ్ నాట్ (ఎస్ ఆండ్ 32)" రాశారా? లోపల 0 అయితే నాట్ వల్ల -1, లోపల 32 అయితే -33. రెండూ సున్నా కావు, రెండూ నిజమే. నాట్ తీసేసి "= 0" పెట్టండి.

ఓవర్‌ఫ్లో అని ఆగిపోయింది. ఆండ్ చేసే అంకెలు -32768 నుంచి 32767 లోపే ఉండాలి. రెండు బైట్‌లు కలిపి పెద్ద అంకె చేసి ఆండ్ చేస్తున్నట్టున్నారు. కలపకముందే, ఏ బైట్‌కి ఆ బైట్ మీద చేయండి.

పీక్ చెత్త అంకెలు ఇస్తోంది. డెఫ్ సెగ్ ఇంకెక్కడో ఉంది. పని అయ్యాక అంకె ఏమీ ఇవ్వకుండా ఒట్టి "డెఫ్ సెగ్" అంటే బేసిక్ తన చోటికి వచ్చేస్తుంది. ఐఎన్‌పీకి మాత్రం దీనితో సంబంధం లేదు.

255 తప్ప ఇంకేమీ రావడం లేదు. ఆ అడ్రస్‌లో జవాబిచ్చేవాళ్లు లేరన్నమాట. మళ్లీ 3వ మెట్టుకి వెళ్లండి.

ఒక్కసారి బటన్ నొక్కితే నాలుగు సార్లు లెక్కేస్తోంది. లోపల రేకు తగిలేటప్పుడు గెంతుతుంది. మార్పు కనబడగానే వంద దాకా ఒక ఖాళీ ఫర్ లూప్ తిప్పి మళ్లీ చదవండి, రెండుసార్లూ ఒకే జవాబొస్తేనే లెక్కలోకి తీసుకోండి. మిషన్ వేగంగా ఉంటే ఆ వందని పెంచుకోవాలి, 486 మీద సరిపోయింది పెంటియం మీద చాలదు.